పక్కింటి పెద్దాయన దగ్గర పాత కోల్ట్ రివాల్వర్: అసలుదేనా, ఎంత పెట్టొచ్చు?

రవి_ప్లేనో
అందరికీ నమస్కారం. మా పక్కింట్లో ఎనభై దాటిన అమెరికన్ పెద్దాయన ఉన్నారు. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. గ్యారేజీ సర్దడానికి సాయం వెళ్తే పాత టవల్లో చుట్టి పెట్టిన రివాల్వర్ ఒకటి తీసి చూపించారు. వాళ్ల ముత్తాతదట, ఆయన టెక్సస్ రేంజరట (ఆ రాష్ట్రపు పాత పోలీసు దళం). నాకు కౌబాయ్ సినిమాల పిచ్చి ఉందని ఆయనకి తెలుసు. కొంటావా అని అడిగారు. సరే అంటే, ధర నువ్వే చెప్పు అన్నారు. అక్కడే వచ్చింది టెన్షన్. తక్కువ చెప్పి పెద్దాయన్ని ముంచలేను, ఎక్కువ పెట్టి ఇంట్లో తిట్లు తినలేను.

నాకు కనిపించినంత వరకు చెప్తా. మొత్తం వెండిలా మెరుస్తోంది. నల్లటి పిడి మీద గద్ద బొమ్మ. బ్యారెల్ ఐదు అంగుళాల లోపే. ఫ్రేమ్ ఎడమ పక్క సన్నగా రెండు వరుసల్లో తేదీలు, వాటి పక్కన ముందు కాళ్లెత్తిన గుర్రం. పెద్దాయన ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్తే షాపువాడు చేతిలోకి కూడా సరిగ్గా తీసుకోకుండా "ఆరు వందల డాలర్లు ఇస్తా" అన్నాడట. నాకు గ్రీన్‌కార్డు ఉంది, కొనడానికి వీసా సమస్య లేదు.

కాకినాడ_కాజా
రవి గారూ, బ్రాసో పెట్టి గట్టిగా తోమి, తళతళలాడుతుండగా ఫోటో పెట్టండి. అప్పుడు చెప్తాం రేటు 😀

టుల్సా_సుబ్బారావు
కాజా, సరదాకైనా ఆ మాట అనకు. నిజంగానే తోమేసినవాళ్లు ఉన్నారు. రవి గారూ, దాన్ని దేనితోనూ తోమొద్దు. పొడిగుడ్డతో వేలిముద్రలు తుడిస్తే చాలు.

అంతకంటే ముందు అందులో తూటాలు ఉన్నాయో లేవో చూడండి. టవల్లో చుట్టి ఏళ్ల తరబడి పెట్టినవాటిలో తూటాలు మిగిలిపోవడం మామూలే. బ్యారెల్ గోడ వైపు తిప్పి పట్టుకోండి. హ్యామర్‌ని నెమ్మదిగా వెనక్కి లాగితే రెండో క్లిక్ దగ్గర సగంలో ఆగుతుంది. అక్కడ వదిలి, కుడిపక్కన ఉన్న చిన్న గేటు తెరిచి, సిలిండర్‌ని ఒక్కో గది చొప్పున ఆరూ తిప్పి చూడండి. హ్యామర్ ఆ సగం మెట్టు మీద లేకుండా సిలిండర్‌ని బలవంతంగా తిప్పొద్దు, లోపలి మెట్లు అరుగుతాయి. మంచి స్థితిలో ఉన్న కోల్ట్‌లో హ్యామర్ పూర్తిగా లాగేసరికి నాలుగు క్లిక్కులు వినిపించాలి. ఎన్ని వచ్చాయో కూడా రాయండి.

తర్వాత ఫోటోలు: ఫ్రేమ్ ముందు భాగం, బ్యారెల్ పైన ఉన్న అక్షరాలు, కింద మూడు చోట్ల నంబర్లు. ఒకటి ట్రిగ్గర్ గార్డుకి ముందు ఫ్రేమ్ అడుగున, రెండోది గార్డు మీద, మూడోది పిడి అడుగున లోహం మీద ఉంటాయి. ఇక్కడ పెట్టేటప్పుడు చివరి మూడు అంకెలు కనపడకుండా చేయండి.

నల్గొండ_నరేష్
అన్నా, మధ్యలో దూరుతున్నా. నేను హెచ్1బి మీద ఉన్నా. నాకూ ఇసుంటివి ఇష్టమే. మాలాంటోళ్లు కొనొచ్చా?

శ్రీలత_ఆస్టిన్
నరేష్, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటిని మన ఇష్టానికి అర్థం చేసుకోకూడదు. 1898తో సహా అంతకు ముందు తయారైనవాటిని 1968 చట్టం 'యాంటిక్' అంటుంది, అవి ఈ లెక్కలోకి రావు. అయితే ఆ తుపాకీ నిజంగా 1898 లోపుదని నిరూపించాల్సింది నువ్వే, పైగా రాష్ట్రాల చట్టాలు వేరు. నీ స్టేటస్‌తో ముడిపడిన విషయం కాబట్టి ఫోరంలో మా మాటలు విని కొనకు. లాయర్‌కి ఫీజు ఇచ్చి అడుగు.

రవి_ప్లేనో
సుబ్బారావు గారూ, చూశాను. ఖాళీగానే ఉంది. నాలుగు క్లిక్కులు వచ్చాయి, మూడోది కొంచెం బలహీనంగా ఉంది. నంబరు 147తో మొదలవుతుంది, మొత్తం ఆరంకెలు, మూడు చోట్లా ఒకటే. ఫ్రేమ్ ముందు భాగంలో, సిలిండర్ కింద ఉన్న పొడవాటి పిన్‌ని పట్టి ఉంచేలా ఏటవాలుగా ఒక స్క్రూ ఉంది. ఫోటోలు పెట్టాను.

టుల్సా_సుబ్బారావు
శుభం. మూడు నంబర్లూ కలవడం పెద్ద విషయం. చాలావాటిలో గార్డు ఒక తుపాకీది, పిడి చట్రం ఇంకోదానిది ఉంటాయి.

ఆ ముందు స్క్రూ గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే గది అవతలి నుంచి కూడా దీన్ని గుర్తుపట్టొచ్చు. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ 1873లో వచ్చింది. మొదటి ఇరవై ఏళ్లకు పైగా సిలిండర్ పిన్‌ని ఆ స్క్రూయే పట్టి ఉంచేది. పాత తుపాకులు సేకరించే కలెక్టర్లు దీన్ని 'బ్లాక్ పౌడర్ ఫ్రేమ్' అంటారు, అంటే పొగొచ్చే పాత నల్లమందు కాలంది. 1896 ప్రాంతంలో, సుమారు 1,65,000 నంబరు దగ్గర నుంచి, స్క్రూ పోయి పక్క నుంచి నొక్కే స్ప్రింగు బటన్ వచ్చింది. పొగలేని మందుకి కంపెనీ గ్యారంటీ ఇచ్చింది 1900లో, సుమారు 1,92,000 నంబరు దగ్గర. ఆ తర్వాతివాటికి ట్రిగ్గర్ గార్డు మీద త్రిభుజంలో 'వీపీ' అన్న పరీక్ష ముద్ర ఉంటుంది. మీ 147 వేల నంబరు 1892లో పడుతుంది. స్క్రూ ఉండాలి, ఉంది. వీపీ ముద్ర ఉండకూడదు, ఫోటోలో లేదు. రెండు వరుసల్లో పేటెంటు తేదీలు, పక్కన గుర్రం, ఇవి కూడా ఆ కాలానికి సరిపోతాయి. ఫ్రేమ్ అసలుదే అనిపిస్తోంది.

1898 లోపుది కాబట్టి ఫెడరల్ చట్టం లెక్కలో యాంటిక్ కూడా. ఇంకో మాట, దీంట్లో ఈ కాలపు తూటాలు పెట్టి పేల్చాలన్న సరదా ఉంటే మానుకోండి.

ఇప్పుడు చేదు కబురు. బ్యారెల్ పైన కంపెనీ చిరునామా ఒకే వరుసలో ఉంది. మీరు కొలిచింది నాలుగు ముప్పావు అంగుళాలే కదా? కోల్ట్ ఆ రోజుల్లో ముఖ్యంగా మూడు పొడవులు చేసేది: ఏడున్నర, ఐదున్నర, నాలుగు ముప్పావు. పొట్టి బ్యారెల్ మీద చోటు చాలక చిరునామా మామూలుగా రెండు వరుసల్లో కొట్టేవాళ్లు. ఒకే వరుస ఉందంటే పొడవాటి బ్యారెల్‌ని తర్వాత ఎవరో కోసి ఉండాలి. మీ ఫోటోలో చూడండి, అక్షరాలు చివరి వైపు జరిగినట్టు ఉన్నాయి. అటు మిగిలిన ఖాళీ, ఇటు ఖాళీ సమానంగా లేవు.

రవి_ప్లేనో
అయ్యో. ముందున్న గురి బద్దె కూడా కొంచెం లావుగా ఉంది, ఒక పక్కకి వాలింది. నేను వాడకంలో వంగిందేమో అనుకున్నా.

శ్రీలత_ఆస్టిన్
కోసిన తర్వాత అతికించిన బద్దె అన్నమాట. నా ప్రశ్న ఆ వెండి రంగు నికెల్ పూత గురించి. రవి గారూ, స్క్రూల తలలు ఏ రంగులో ఉన్నాయి? ట్రిగ్గర్? హ్యామర్?

రవి_ప్లేనో
అన్నీ వెండి రంగే మేడం. స్క్రూలు, హ్యామర్ కూడా.

శ్రీలత_ఆస్టిన్
అదే నా అనుమానం. ఆ కాలంలో ఫ్యాక్టరీ నుంచి నికెల్‌తో వచ్చినవాటికి కూడా స్క్రూలు, ట్రిగ్గర్ నీలం రంగులోనే వదిలేసేవాళ్లు. అన్నిటికీ కలిపి పూత ఉందంటే ఎవరో విడగొట్టి, గుల్లగా ఉన్నదంతా పాలిష్ చేసి, ఒకేసారి ముంచి తీశారు.

ఒక పరీక్ష చేయండి. కళ్లు మూసుకుని బొటనవేలుతో పిడి అంచు మీద, నల్ల రబ్బరు లోహాన్ని కలిసే చోట, మెల్లగా రాయండి. ఫ్యాక్టరీ పనిలో రెండూ ఒకే మట్టంలో ఉంటాయి, వేలికి గీత మాత్రమే తగులుతుంది. లోహాన్ని చక్రం మీద పెట్టి అరగదీసి ఉంటే రబ్బరు కొంచెం పైకి లేచి, గోరు ఆగుతుంది. తర్వాత స్క్రూ రంధ్రాల చుట్టూ చూడండి. అంచులు పదునుగా ఉండాలి. సాసరులా లోపలికి దిగి ఉంటే పాలిష్ చక్రం పనే. గుర్రం కాళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయా, చెరిగిపోయాయా కూడా చెప్పండి.

రవి_ప్లేనో
గోరు ఆగింది. రెండు పక్కలా. గుర్రానికి వెనక కాళ్లు ఉన్నాయి, ముందు కాళ్లు ఉన్నాయంటే ఉన్నాయి.

కాకినాడ_కాజా
పాపం గుర్రం.

రవి_ప్లేనో
మరి పిడి కూడా మార్చిందేనా? గద్ద బొమ్మ బాగానే ఉందే.

టుల్సా_సుబ్బారావు
గద్ద ఉన్న గట్టి రబ్బరు పిడి సుమారు 1882 నుంచి 1896 దాకా ఉంది, కాబట్టి కాలం సరిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది ఒకే స్క్రూ. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ ఉంటేనే తీయండి, లేదంటే గాడి చెడుతుంది. లోపలి వైపు చేత్తో గీసిన నంబరు ఉండొచ్చు. అది కూడా 147తో మొదలైతే పిడి ఆ తుపాకీతో పుట్టిందే.

రవి_ప్లేనో
తీశాను. నంబరు ఉంది! రెండు రబ్బరు ముక్కల మీదా, మేకుతో గీకినట్టు. పూర్తిగా కలిసింది. పెద్దాయన నా కంటే ఎక్కువ సంబరపడ్డారు, ఆయన ఎప్పుడూ లోపల చూడలేదట.

ఇక టెక్సస్ రేంజర్ సంగతి ఏమంటారు? దానికి విలువ ఏమైనా కలుస్తుందా?

టుల్సా_సుబ్బారావు
కాగితం ఉంటే కలుస్తుంది. లేకపోతే సున్నా. పెద్దాయన అబద్ధం చెప్తున్నారని కాదు. ఇక్కడ టుల్సాలో ఏప్రిల్, నవంబరు నెలల్లో జరిగే పెద్ద షోలో ప్రతి మూడో బల్ల దగ్గరా ఒక రేంజర్ కథ వినిపిస్తుంది. ఒక్కోసారి ఒకే రేంజర్‌వి రెండు మూడు రివాల్వర్లు కనిపిస్తాయి.

పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఎలా అడుగుతామో ఇక్కడా అంతే. 2021 ఆగస్టులో లాస్ ఏంజెలస్‌లో బోనమ్స్ వేలంలో ఒక కోల్ట్ సింగిల్ యాక్షన్ 60 లక్షల డాలర్లు దాటి పోయింది. షెరిఫ్ ప్యాట్ గ్యారెట్ 1881లో పేరుమోసిన బందిపోటు బిల్లీ ద కిడ్‌ని కాల్చింది దానితోనే. ఏడున్నర అంగుళాల బ్యారెల్, .44-40 కేలిబర్, చెక్కుడు పనీ లేదు, బంగారమూ లేదు. దాన్ని గ్యారెట్ అంతకు ముందే బిల్లీ విల్సన్ అనే ముఠా మనిషి దగ్గర స్వాధీనం చేసుకున్నాడు. తర్వాత అది ఎల్ పాసోలో ఒక బార్‌కి చేరితే, గ్యారెట్ భార్య కోర్టుకెళ్లి మరీ వెనక్కి తెచ్చుకుంది. చేతులు మారిన ప్రతిసారీ ఏదో ఒక రాత ఆధారం మిగిలింది. లక్షలు పలికింది ఆ ఆధారాలకే. అవి లేకపోతే అది 1880 నాటి మామూలు కోల్ట్.

పెద్దాయన దగ్గర ముత్తాత ఫోటోనో, నియామక పత్రమో, వీలునామాలో తుపాకీ నంబరో ఉందేమో అడగండి.

ముషీరాబాద్_మున్నా
సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసినప్పటి నుంచి నాకు ఇదే పిచ్చి. బాబాయ్ కొడుకు హ్యూస్టన్‌లో ఉన్నడు. యాంటిక్ అయితే అక్కడ కాగితాలు అక్కర్లేదు అంటున్నరు కదా, ఒకటి వచ్చేటప్పుడు తెమ్మంటే?

శ్రీలత_ఆస్టిన్
మున్నా గారూ, మీ తమ్ముణ్ని శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పోలీసు స్టేషన్‌కి పంపాలనుకుంటే తెమ్మనండి. ఇక్కడి యాంటిక్ నిర్వచనం అక్కడ చెల్లదు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం, దానికి లైసెన్సు, దిగుమతికి వేరే అనుమతి. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఉన్నవాళ్లకు కూడా రెండు తుపాకులకు మించి లేవు. మ్యూజియంలోనే చూడండి, టికెట్టు చవక.

ముషీరాబాద్_మున్నా
సమజైంది మేడం 🙏

నల్గొండ_నరేష్
సుబ్బారావు అన్నా, మిలిటరీవి ఎక్కువ రేటు అంటరు కదా. 'యూఎస్' అని ముద్ర ఉన్నయి?

టుల్సా_సుబ్బారావు
అవును, దొంగపని ఎక్కువ జరిగేదీ అక్కడే. సైన్యం మొత్తం మీద సుమారు 37 వేలు కొన్నది. అన్నీ ఏడున్నర అంగుళాల బ్యారెల్‌తో అశ్వికదళానికి వెళ్లాయి. 1895 నుంచి 1903 మధ్య చాలావాటిని వెనక్కి రప్పించి, విడగొట్టి, బ్యారెల్ ఐదున్నరకి కోసి మళ్లీ బిగించారు. భాగాలు కలగాపులగం అయ్యాయి. అందుకే ఈ 'ఆర్టిలరీ' రకంలో నంబర్లు కలవకపోవడమే మామూలు, అన్నీ కలిస్తేనే అనుమానించాలి! కోయకుండా మిగిలిన అశ్వికదళం తుపాకీ దొరికితే దాని ధర వేరే లోకం.

మొదట్లో తనిఖీ చేసిన అధికారి ఎయిన్స్‌వర్త్. పిడి చెక్క మీద, లోహం మీద ఆయన పొడి అక్షరాలో, ఇంటిపేరు మొదటి అక్షరమో ఉంటాయి. 1876లో కస్టర్ అనే సైన్యాధికారి దళం లిటిల్ బిగ్ హార్న్ యుద్ధంలో నాశనమైంది కదా, ఆ దళానికి వెళ్లిన నంబర్లకు దగ్గరగా ఉన్నా చాలు, ధర ఎగురుతుంది. కాబట్టి అంకెలు చెరిపి కొట్టేవాళ్లూ ఉన్నారు. అంకెల కింద లోహం చుట్టుపక్కల కంటే కొంచెం లోతుగా కనిపిస్తే బల్ల మీద పెట్టేసి వచ్చేయాలి.

శ్రీలత_ఆస్టిన్
అందరూ కోల్ట్ కోల్ట్ అంటారు, నా లాంటి మామూలు జీతగాళ్లకి రూగర్ కంపెనీ రివాల్వర్లు కూడా ఉన్నాయి. కోల్ట్ వాళ్లు 1940 ప్రాంతంలో ఈ మోడల్ ఆపేశారు. ఇంతలో టీవీలో వెస్ట్రన్లు వచ్చి గిరాకీ పెరిగింది. 1953లో బిల్ రూగర్ చిన్న .22 సింగిల్ సిక్స్ వదిలాడు, 1955లో .357 బ్లాక్‌హాక్, 1956లో .44 మ్యాగ్నమ్. లాస్ ఏంజెలస్‌లో గ్రేట్ వెస్టర్న్ అనే కంపెనీ కూడా కోల్ట్ లాంటివి చేసింది. ఇదంతా చూసి కోల్ట్ మళ్లీ మొదలుపెట్టింది. ఆ రెండో తరం నంబర్ల చివర 'ఎస్ఏ' ఉంటుంది. 1970ల మధ్యలో అదీ ఆగి, 1976లో మూడో తరం వచ్చింది. రెండో తరంలో గుర్రపు బగ్గీ బొమ్మ ఉన్న అసలు పెట్టె ఉంటే ధర బాగా మారుతుంది, అట్టపెట్టెకి అంత డబ్బా అనకండి.

రూగర్‌లో చూడాల్సింది ఫ్రేమ్ పక్కన స్క్రూలు. 1973కి ముందువాటికి మూడు, తర్వాత వచ్చిన న్యూ మోడల్‌కి రెండు పిన్నులు. 1962 దాకా వచ్చిన బ్లాక్‌హాక్‌కి పైభాగం చదునుగా ఉంటుంది, దాన్ని ఫ్లాట్‌టాప్ అంటారు. పాతవి కింద పడితే పేలే ప్రమాదం ఉందని కంపెనీ ఉచితంగా లోపలి భాగాలు మార్చి ఇస్తుంది, తీసిన పాత భాగాలు కవర్లో వేసి తిరిగి పంపుతుంది. కలెక్టర్లు మార్చనిదాన్నే కోరుకుంటారు. మార్చినదైతే ఆ కవరు ఉందా అని అడగాలి. నేను ఎస్టేట్ సేల్‌లో కొన్న బ్లాక్‌హాక్‌కి ఆ కవరు డ్రాయర్‌లో వేరే దొరికింది. అమ్మేవాళ్లు చెత్తలో వేయబోతున్నారు.

రవి_ప్లేనో
కొత్త సంగతి. సుబ్బారావు గారి సలహా మీద కంపెనీ పాత రికార్డులు ఉండే కోల్ట్ ఆర్కైవ్స్‌కి డబ్బు కట్టి లెటర్ తెప్పించాం, ఫీజు పెద్దాయనా నేనూ చెరిసగం. ఇవాళ వచ్చింది. కేలిబర్ .45, బ్యారెల్ ఏడున్నర, నీలం రంగు పూత, రబ్బరు పిడి. 1892లో సెయింట్ లూయిస్‌లో ఒక హార్డ్‌వేర్ వ్యాపారికి ఒకే పెట్టెలో మరికొన్నిటితో కలిపి పంపారు. రేంజర్ పేరు ఎక్కడా లేదు. పెద్దాయన దగ్గర ముత్తాత ఫోటో ఉంది కానీ అందులో ఆయన చేతిలో ఉన్నది చేపల గాలం.

టుల్సా_సుబ్బారావు
అనుకున్నట్టే. బ్యారెల్ కోత, నికెల్ రెండూ తర్వాతివే. హోల్‌సేల్ వ్యాపారికి వెళ్లినవాటిలో కొన్నవాడి పేరు ఫ్యాక్టరీ రికార్డులో మామూలుగా ఉండదు. కాబట్టి రేంజర్ కాదని కూడా అది రుజువు చేయదు.

ధర మాట. బ్యారెల్ కోసి, పాలిష్ చేసి, పూత మార్చింది కాబట్టి కలెక్టర్ పోటీ పడడు. కానీ నంబర్లన్నీ కలిసిన 1892 ఫ్రేమ్, తనతో పుట్టిన పిడి, లెటర్ ఉన్నాయి. నేనైతే పదిహేను వందల నుంచి రెండు వేల డాలర్ల మధ్య మాట్లాడతా. ఇదే తుపాకీ కోయకుండా, నీలం మిగిలి, ఫ్యాక్టరీలో ఫ్రేమ్‌ని వేడి చేసి గట్టిపరిచినప్పుడు వచ్చే రంగురంగుల మచ్చలు సిలిండర్ వెనక అయినా కాస్త నిలిచి ఉంటే దీనికి ఎన్నో రెట్లు పలికేది. నా మాటే నమ్మొద్దు. బెడ్‌ఫర్డ్‌లో రాక్ ఐలండ్ వేలం వాళ్ల హాలు మీకు పెద్ద దూరం కాదు. వాళ్ల పాత వేలాల్లో 'కోసిన బ్యారెల్, మళ్లీ పూత' అని రాసినవి ఎంతకి పోయాయో చూడండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అడిగే ధర చూడొద్దు, అమ్ముడైన ధరే చూడాలి. వేలం హాలు కమిషన్ కలిపారో లేదో కూడా గమనించండి.

శ్రీలత_ఆస్టిన్
రెండు వేలు నాకు ఎక్కువ అనిపిస్తోంది. ఆ మూడో క్లిక్ బలహీనం అన్నారు, లోపలి మరమ్మతుకి డబ్బు అవుతుంది. అయితే ఒక విషయంలో మీతో విభేదిస్తా సుబ్బారావు గారూ. కోసింది 1890ల్లోనే ఏ కమ్మరో అయితే, అది కూడా ఆ తుపాకీ జీవితంలో భాగమే కదా? జేబులో పట్టాలని కోసుకుని ఉంటారు. నాకు అదే నచ్చుతుంది.

టుల్సా_సుబ్బారావు
మీకు నచ్చుతుంది మేడం, కొనేవాడికి నచ్చదు. ఎప్పుడు కోశారో తేల్చే మార్గం లేనప్పుడు అందరూ "ఆ కాలంలోనే కోశారు" అనే చెప్తారు.

రవి_ప్లేనో
పదహారు వందలకి ఖాయం చేసుకున్నాం. పెద్దాయన కూతురు కూడా ఫోన్‌లో సరే అంది, షాపువాడి ఆరు వందలు విని ఆవిడకి ఇంకా కోపం తగ్గలేదు. ముత్తాత పేరు, పుట్టిన ఊరు, తుపాకీ ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పెద్దాయన ఒక పేజీ రాసి, నోటరీ ముందు సంతకం పెట్టి ఇచ్చారు. రేంజర్ అని కూడా రాశారు. కొట్టేయమని అడగలేకపోయాను.

టుల్సా_సుబ్బారావు
కొట్టేయక్కర్లేదు, లెటర్‌తో కలిపి దాచండి. టవల్లో, తోలు హోల్‌స్టర్‌లో పెట్టొద్దు, తేమ పట్టి నికెల్ కింద తుప్పు మొదలవుతుంది. సన్నగా నూనె రాసి పొడిగా ఉన్న చోట, తాళం వేసి ఉంచండి.

నల్గొండ_నరేష్
నాదొకటి ఉంది, కొనలేదు, ఫోటో మాత్రమే తీసినా. మొన్న షోలో ఒకాయన 1880 నాటిది అన్నడు. మంచిగ పాతబడినట్టే ఉంది, నాలుగు వేలు అడిగిండు. ఫ్రేమ్ మీద నక్షత్రం, దాని కింద 'పీఎన్' అని ఉంది. పక్కన చిన్న పెట్టెలో 'ఏఎల్'. ఇదేం ముద్రన్నా?

టుల్సా_సుబ్బారావు
ఇటలీలో గార్డోనె పరీక్షశాల ముద్ర. పెట్టెలో రెండక్షరాలు తయారైన సంవత్సరం. 1975కి 'ఏఏ'తో మొదలవుతుంది. 'ఏఎల్' అంటే 1983.

కాకినాడ_కాజా
పాతబడినట్టు చేయడానికి ఆయన ఏం వాడాడో అడుగు నరేష్, మా బ్రాసో అయితే కాదు.